అడుగు సొరుగు

పళ్ళ క్లినిక్, ఇద్దరు పేషెంట్ల నడుమ
మార్చి

బావా,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, "సరే" అంటావు, "ఉంటాను" అంటావు. ఆ మూడు ముక్కల కోసం నేను గొంతు చించుకోవాలా? అందుకే ఉత్తరాల్లోకి దిగుతున్నాను. కాగితం మీదైతే కనీసం వాక్యాలు పూర్తిచేస్తావు.

ముందు అసలు వార్త. దొరికింది! డాక్టర్ల మడత చాకు. ఏళ్ళ తరబడి మనిద్దరం పుస్తకాల్లో బొమ్మ చూసి లొట్టలేశామే, అదే. సన్నగా, పొడుగ్గా ఉంది. పిడి కొస మాత్రం నాణెంలా చదును. ఆ రోజుల్లో డాక్టర్లు ఆ కొసతో మాత్రలు నలిపి పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళట. తాళాలు బాగుచేసే ముసలాయన దగ్గర, పాత తాళంచెవుల డబ్బా అడుగున పడుంది. "ఇదేంటి తాతా?" అంటే, "ఏమో బాబూ, ఏ తాళానికీ పట్టలేదు" అన్నాడు. తెరిచాను. టక్! మడిచాను. మళ్ళీ టక్! స్ప్రింగు నిన్న చేసినట్టుంది. నోరు తెరుచుకుని కుర్చీలో కూర్చున్న పేషెంటుకి కూడా వినిపించాను. ఆయన వెంటనే నోరు మూసుకున్నాడు.

రెండో వార్త. మన చాకుల పిచ్చివాళ్ళందరం ఆగస్టులో ఇక్కడ గ్రంథాలయం మేడ మీద కలుస్తున్నాం. ఈసారి కొత్త నియమం పెట్టాం. మనిషికి ఒక్క చాకే. అది అరుదైనది కానక్కర్లేదు, ఇంట్లో నిజంగా పనిచేసినదై ఉండాలి. నువ్వు అక్క చాకు తీసుకురా. ఆకుపచ్చా తెలుపూ సుడులు తిరిగిన పిడి, పెన్సిళ్ళు చెక్కీ చెక్కీ సగమైపోయిన చిన్న బ్లేడు. డ్రాయింగ్ టీచరు చేతిలో పడితే ఏ బ్లేడు మిగులుతుంది! నేను చదువుకునే రోజుల్లో పాత సామాన్ల బజార్లో ఏరి అక్కకిచ్చాను. నేను కొన్న మొదటి చాకు అది. మనిద్దరి పిచ్చికీ మూలం అదే. పోయినేడు అక్క వెళ్ళిపోయాక దాన్ని నేను చూడలేదు. ఒక్కసారి చేత్తో పట్టుకోవాలనుంది.

"అన్నయ్య ఏం తింటున్నాడో అడుగు" అంది మీ చెల్లెలు, అంటే నా ఇల్లాలు. నిజం రాయి.

నీ బావమరిది

*

ఇల్లు, ముందు గది
ఏప్రిల్

డాక్టరూ,

అభినందనలు. అసూయగా ఉంది. పిడి ఎముకో కొమ్మో రాయలేదు.

నాకూ ఒకటి దొరికింది. తోటమాలి చాకు. కొడవలిలా వంగిన బ్లేడు, రెండు మూడు చోట్ల పన్ను విరిగింది. మా కాలేజీ తోటమాలి పని మానేస్తూ ఇచ్చాడు. "ఇంక ఇది తెగదు సార్. మీకు పనికొస్తుంది" అన్నాడు. నా గురించి కాలేజీలో ఏమనుకుంటున్నారో అర్థమైంది.

అన్నం వండుకుంటున్నాను. కూరగాయలు పైవాటా నర్సుగారు తరిగి ఇస్తున్నారు. "బీరువా నిండా చాకులే కదా మాస్టారూ, ఒక్కటీ తెగదా?" అని నిన్న అడిగారు. తెగేవాటిని వాడకూడదు, వాడేవి తెగవు అని చెప్పాను. ఆవిడ దోసకాయ తీసుకుని పైకి వెళ్ళిపోయారు.

ఒక చిక్కు వచ్చింది. చాకులకి తుప్పు పడుతోంది. నేను చేయించిన బీరువా నీకు తెలుసు. ఎనిమిది సొరుగులు, గాలి చొరనంత బిగువైన తలుపులు. ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ రాలేదు. మొన్న నావికుల చాకు తీస్తే బ్లేడంతా ఎర్రటి పొడి. తుడిచి నూనె రాశాను. వారం తిరక్కుండా మళ్ళీ పట్టింది.

ఆగస్టు సంగతి అప్పుడు చూద్దాం. అప్పటికి కాలేజీ తెరిచి ఉంటుంది.

బావ

*

పళ్ళ క్లినిక్, కరెంటు పోయిన గంటలో
ఏప్రిల్

బావా,

తుప్పా! నీ బీరువాలోనా! చాకు పట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కునే మనిషివి. ఒకసారి నన్ను రెండుసార్లు కడుక్కోమన్నావు. నేను ఆపరేషన్లకి కూడా అంత కడగను. ఆ బీరువా చూసి అక్క ఏమనేదో గుర్తుందా? "ఇనుముకి కూడా ఊపిరాడకుండా దాచగలిగినవాడు మా ఆయనొక్కడే" అనేది.

సరే, పేషెంటుని అడిగినట్టు అడుగుతాను. బీరువా వెనక గోడకి చెమ్మ ఉందా? చాకుల్ని తోలు ఒరల్లో పెట్టావా? లోపల కొత్తగా రంగు వేయించావా? ఏ సొరుగులో మొదలైంది, ఎటు పాకుతోంది? అంతా రాయి. నొప్పి ఎక్కడో చెప్పకుండా "పన్ను పీకెయ్యండి" అనే బాపతులా ఉండకు.

పిడి నల్లకొమ్ము. అసూయ పెంచుకో.

అక్క చాకు గురించి ఒక్క ముక్క రాయలేదు. మర్చిపోయావా, దాటేశావా?

నీ బావమరిది

*

కాలేజీ, కెమిస్ట్రీ ల్యాబు
మే

డాక్టరూ,

గోడకి చెమ్మ లేదు. తోలు లేదు. రంగు వేయించలేదు.

తుప్పు కింది నుంచి పైకి వస్తోంది. ఏడో సొరుగు పూర్తిగా పోయింది. గుర్రాల డెక్కలు గీరే కొక్కెం ఉన్న చాకు అందులోనే ఉండేది. కొక్కెం విరిగి చేతిలోకొచ్చింది. ఆరో సొరుగు సగం పోయింది. ఐదు, నాలుగుల్లో ఇత్తడి భాగాలు పచ్చబడ్డాయి. పై మూడూ శుభ్రంగా ఉన్నాయి.

మంచి వార్త కూడా ఉంది. పాత సామాన్లలో ఒక ప్రయాణపు చాకు దొరికింది. మడిస్తే ఒక్కటే. లాగితే రెండుగా విడిపోతుంది, ఒకటి చాకు, ఒకటి ఫోర్కు. విడదీయడం నేర్చుకున్నాను. మళ్ళీ కలపడం రావడం లేదు.

ఆమె చాకు ఎక్కడ పెట్టానో చూడాలి.

బావ

*

ఇల్లు, వంటింటి గట్టు మీద
మే

బావా,

నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. వేలు మడుస్తూ విని, "ఏడు, ఆరు, ఐదు, నాలుగు, పై మూడూ చెప్పాడు. మరి ఎనిమిదో దాంట్లో ఏముందిట?" అంది. నేను పళ్ళు లెక్కపెట్టే మనిషిని, నాకు తట్టలేదు చూడు.

అడుగు సొరుగులో ఏముంది బావా?

ఎందుకంటే ఇలాంటిది నేనొకసారి విన్నాను. మనవాళ్ళలో ఒకాయన సెల్యులాయిడ్ పిడి చాకు ఒకటి మిగతావాటితో కలిపి మూతపెట్టాడట. కర్పూరం కలిపి చేసిన పాతకాలపు ప్లాస్టిక్కు కదా, దానికి ముసలితనం వస్తే ఆమ్లం ఆవిర్లు కక్కుతుంది. గాలి ఆడేచోట ఉంచితే ఇంకొన్నేళ్ళు మన్నుతుంది. మూసిపెడితే తన్ను తాను తినేసుకుని, పక్కవాటినీ తినేస్తుంది. ఆయనకి మిగిలినవి స్ప్రింగులు మాత్రమే. జీవితమంతా కెమిస్ట్రీ చెప్పిన నీకు నేను కెమిస్ట్రీ చెప్పడమేమిటి, ఖర్మ కాకపోతే!

తలుపు తీయగానే కర్పూరం వాసన వస్తోందా? కళ్ళు చురుక్కుమంటున్నాయా? చూసి రాయి. ఆలస్యం చేశావంటే ఆ సెల్యులాయిడు పొడి అవుతుంది, మిగతావి తుక్కవుతాయి.

నీ బావమరిది

*

ఇల్లు
జూన్

డాక్టరూ,

అడుగు సొరుగులో పాత కాగితాలు ఉన్నాయి. వాసన లేదు.

ఒక నిర్ణయానికి వచ్చాను. పై మూడు సొరుగుల చాకులు నీకు పార్శిలు చేస్తున్నాను. అవి నీ దగ్గరే ఉండనీ. మిగతావి పోతే పోనీ. వస్తువులే కదా.

ఆగస్టుకి రాలేను.

బావ

*

పళ్ళ క్లినిక్
జూన్

బావగారికి,

నమస్కారాలు. మీరు పంపిన పార్శిలు భద్రంగా అందింది. మీరు ఒక్కొక్క చాకునీ పాత పేపర్లో చుట్టిన తీరు ఎంతో ముచ్చటగా ఉంది. విప్పగానే నా క్లినిక్ అంతా కర్పూరం గుప్పుమంది. "ఏం డాక్టర్‌గారూ, కొత్త మందా?" అని మా నర్సు అడిగింది. మీ బీరువాలో వాసన లేదని మీరు రాసిన ఉత్తరం అప్పుడు నా జేబులోనే ఉంది.

ఆకుపచ్చా తెలుపూ సుడుల పిడి సెల్యులాయిడ్. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరు దాన్ని అడుగు సొరుగులో పెట్టారు, తలుపు బిగించారు. ఇప్పుడది మీ చాకులన్నిటినీ తింటోంది, మీరు చూస్తూ కూర్చున్నారు. అది తీయాల్సి వస్తుందని, మిగతావన్నీ నాకు దానం చేసేస్తున్నారు!

అక్క ఏదైనా దాచగా ఎప్పుడైనా చూశారా? కొత్త పెన్సిల్ ఇస్తే ఆ పూటే చెక్కేసేది. కొత్త చీర ఇస్తే ఆ రోజే స్కూలుకి కట్టుకెళ్ళి రంగులు పూసుకొచ్చేది. అలాంటి మనిషి చాకుకి ఊపిరాడకుండా చేస్తున్నది మీరు.

అది మీ భార్యది. ఒప్పుకుంటాను. మా అక్కది కూడా.

మీ మూడు సొరుగుల చాకులూ నాకు వద్దు. వచ్చి తీసుకెళ్ళండి.

ఇట్లు,
తమ బావమరిది

*

ఇల్లు, ముందు గది, కిటికీ దగ్గర
జులై

డాక్టరూ,

"మీరు" అనకు. తిట్టదలుచుకుంటే "నువ్వు" అనే తిట్టు.

ఈ ఉత్తరం ఆలస్యమైంది. రాసి చింపేశాను, చాలాసార్లు.

నాకు తెలియక కాదు. ఏడో సొరుగు తెరిచిన రోజే తెలుసు. ఏటా నేను చెప్పే పాఠమే. ఆ వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సంగతి ఇది. ఆసుపత్రికి బయల్దేరిన రోజు ఉదయం ఆమె పెన్సిలు చెక్కుకుంది. ఆటో వచ్చి నిలబడింది. నేను చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాను. "ఇప్పుడు పెన్సిలెందుకు?" అన్నాను. "అక్కడ నర్సుల బొమ్మలు గీస్తాను. మీరు పక్కన కూర్చుని మొహం వేలాడేస్తారు కదా, నాకు పొద్దుపోవద్దూ?" అంది. చాకు మడిచి పెన్సిళ్ళ డబ్బాలో పడేసి, పెన్సిలొక్కటి సంచిలో వేసుకుంది. ఆమె తిరిగి రాలేదు. డబ్బా అలాగే తీసి అడుగు సొరుగులో పెట్టాను.

అది ఆమె మడిచిన చాకు. తెరిస్తే, ఆ తర్వాత ఎన్నిసార్లు మడిచినా అది నేను మడిచిందే అవుతుంది. నా వాదన అంతే. మనలాంటివాళ్ళకి తప్ప ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు. నువ్వూ నవ్వవచ్చు.

పోయిన ఆదివారం తీశాను.

పిడి పటికబెల్లంలా పలుకులు పలుకులుగా విరిగిపోయింది. రంగు గోధుమకి తిరిగింది. ఇత్తడి తొడుగు పక్కన గోరంత మేర ఆకుపచ్చ మిగిలింది. చిన్న బ్లేడు కదలలేదు. నా గోరు విరిగింది. నూనె చుక్క వేసి ఆగి, మళ్ళీ లాగాను. టక్కుమనలేదు. కిర్రుమంది. లోపల పెన్సిలు చెక్కు ఒకటి చుట్టచుట్టుకుని ఉంది. దానికేం కాలేదు.

ఇప్పుడు చాకు కిటికీలో ఉంది. తెరిచే ఉంది. బీరువా తలుపులు కూడా తీసేసి గోడకి ఆనించాను. పైవాటా నర్సుగారు వచ్చి చూసి, "ఏం మాస్టారూ, ఇల్లు మారుతున్నారా?" అన్నారు.

దీన్ని బాగుచేయగలవా?

బావ

*

పళ్ళ క్లినిక్, బయట బోర్డు తిప్పేసి
జులై

బావా,

"మీరు" వెనక్కి తీసుకున్నాను. "తమ" కూడా.

నవ్వలేదు. నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపిద్దామని మొదలుపెట్టాను. ఆటో దగ్గర ఆగిపోయాను. మిగతాది ఆవిడే చదువుకుంది.

నీకు తెలియనిది ఒకటి చెప్పనా? చదువుకునే రోజుల్లో నేను గోళ్ళు కొరుక్కునేవాణ్ణి. అందుకని నేనిచ్చిన ఆ చాకు నాకే తెరవడం వచ్చేది కాదు. అక్క దగ్గరికెళ్ళి చెయ్యి చాపితే, తెరిచి పిడి నా వైపు తిప్పి ఇచ్చేది. "పళ్ళ డాక్టరువి అవుతావా? ముందు వాటికి గోళ్ళు పెట్టడం మానిపించు" అనేది. ఆ చాకుని అక్క మడవడం నాకు గుర్తులేదు బావా. నాకు గుర్తున్నదంతా తెరిచి ఇవ్వడమే.

ఇక వైద్యం. పిడి బతకదు. మిగిలిన గోరంత ఆకుపచ్చ కూడా ఉంచకూడదు, అది ఉన్నంతకాలం బ్లేడుని తింటుంది. మొత్తం పీకి పారేయాలి. ఈ మాట రోజూ పదిమందికి చెబుతాను, ఇవాళే కష్టమైంది. బ్లేడ్లు రెండూ, స్ప్రింగూ బతుకుతాయి. కొత్త పిడికి ఏం వేద్దాం? నా దగ్గర కొమ్ముంది, ఎముకుంది, పీకిన జ్ఞానదంతాలు ఒక సీసాడు ఉన్నాయి. చివరిదానికి మీ చెల్లెలు ఒప్పుకోవడం లేదు.

ఆలోచించి పంపు.

నీ బావమరిది

*

ఇల్లు
జులై

డాక్టరూ,

చాకు పంపుతున్నాను. దాంతోపాటు ఆమె చెక్క స్కేలు కూడా. క్లాసులో అల్లరి ఎక్కువైతే బల్ల మీద కొట్టేది, దాంతోనే గీతలూ గీసేది. కొట్టీ కొట్టీ ఒక కొస చిట్లింది. మిగతాది గట్టి చెక్క.

పిడికి అది వెయ్యి. అంకెలు చెరగనివ్వకు. ఏ అంకెలైనా ఫర్వాలేదు.

బ్లేడు మీద తుప్పు తీయి. మెరుగు పెట్టకు. చిన్న బ్లేడు అరుగుదల అలాగే ఉండాలి.

పెన్సిలు చెక్కు నా దగ్గరే ఉంది. అది పంపను.

బావ

*

పళ్ళ క్లినిక్
ఆగస్టు

బావా,

పని అయింది.

స్కేలు కోసే ముందు నాలుగుసార్లు కొలిచాను. మనుషుల దవడ కోసేటప్పుడు ఒక్కసారే కొలుస్తాను. పళ్ళు అరగదీసే మిషనుతోనే చెక్క నున్నగా చేశాను. బయట బెంచీ మీద ఒకాయన బుగ్గ పట్టుకుని అరగంట కూర్చున్నాడు. లోపల్నించి వచ్చే చప్పుడు విని, "ఎవరికో పాపం చాలా పెద్ద పని పడినట్టుంది" అన్నాడట నర్సుతో. పడింది మరి. పిడికి ఒకవైపు నాలుగు, ఐదు అంకెలు వచ్చాయి. రెండోవైపు పది, పదకొండు. ఐదు పక్కన చిన్న సిరా మరక ఉంది. అక్కదే అయ్యుంటుంది, ఉంచేశాను.

పాత పిడి పలుకులు చెత్తబుట్టలో వేయబుద్ధి కాలేదు. ఊరికే ఉంచితే ప్రమాదం. మీ చెల్లెలూ నేనూ మేడ మీదికెళ్ళి ఒక మట్టిమూకుట్లో వేసి అగ్గిపుల్ల గీశాం. భగ్గుమంది బావా, ఒక్క క్షణం! కనురెప్పలు కాలాయనుకున్నాను. వెంటనే ఆరిపోయింది. "వదినగారికి కోపం వచ్చినా ఇంతే కదా" అంది మీ చెల్లెలు. ఇద్దరం నవ్వుకుంటూ మెట్లు దిగాం.

టక్కు తిరిగొచ్చింది. మునుపంత గట్టిగా లేదు, కొంచెం ముసలి టక్కు.

ఇప్పుడొక గొడవ. పని చేశాక మడిచి డబ్బాలో పెట్టబోయాను. మీ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "మీరు మడిచి పంపితే, అన్నయ్య మళ్ళీ అది బావమరిది మడిచిన చాకని సొరుగులో పెట్టుకుంటాడు. తెరిచే పంపండి" అంది. అందుకని తెరిచే పంపుతున్నాను. మొన చుట్టూ అట్ట, అట్ట చుట్టూ గుడ్డ, పైన ఎర్రసిరాతో హెచ్చరిక. పోస్టాఫీసులో గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "మడత చాకు అంటున్నారు. మడవొచ్చు కదండీ?" అన్నాడు. "మడవకూడదండీ, మా బావది" అన్నాను. ఆయనకి ఏం అర్థమైందో గానీ ముద్ర మెల్లిగా వేశాడు.

మన చాకులవాళ్ళం కలిసేది ఈ నెలాఖరు ఆదివారం. ఇంక అడగను.

నీ బావమరిది

*

ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు

డాక్టరూ,

అందింది. తెరిచే ఉంది. చెల్లెమ్మకి చెప్పు, నన్ను సరిగ్గానే అంచనా వేసింది.

పొద్దున్నంతా బల్ల మీద అలాగే ఉంచాను. పైవాటా నర్సుగారు దోసకాయ తీసుకెళ్ళడానికి వచ్చారు. చాకు చూసి, "ఇదైనా తెగుతుందా?" అన్నారు. తెలియదన్నాను. ఆవిడే తీసుకుని పెద్ద బ్లేడుతో దోసకాయ నిలువునా చీల్చారు. నేను వద్దనేలోపు అయిపోయింది. "భేషుగ్గా తెగుతోంది మాస్టారూ, ఇన్నాళ్ళూ నాచేత చాకిరీ చేయించారా!" అని చాకు నా చేతిలో పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. మిగతాది నేనే తరిగాను. ముక్కలు పెద్దవయ్యాయి. తిన్నాను.

బ్లేడు కడిగి, తుడిచి, మడిచాను. టక్కుమంది. ఏమీ కాలేదు. మళ్ళీ తెరిచాను. పేషెంట్లకి ఆ టక్కు నువ్వెందుకు వినిపిస్తావో తెలిసింది.

బీరువాకి తలుపులు పెట్టించడం లేదు. వడ్రంగి వచ్చి ప్రతి సొరుగు వెనకా గాలికి చిల్లులు పెట్టి వెళ్ళాడు. ఏడో సొరుగు చాకులకి తుప్పు గీకుతున్నాను. కొన్ని దక్కుతాయి.

శనివారం బండికి వస్తున్నాను. నా మూడు సొరుగుల చాకులూ సిద్ధంగా పెట్టు. ఇవ్వడానికి ఏడవకు. ప్రయాణపు చాకు కూడా తెస్తున్నాను, ఫోర్కు మళ్ళీ కలపడం నువ్వే చూడు. ఆమె చాకు తెస్తాను. మనవాళ్ళు చేత్తో పట్టుకుని చూడవచ్చు. గాజుపెట్టెలో మాత్రం పెట్టనివ్వను. ఆ పూట దానితో నాకు పని ఉంటుంది. గ్రంథాలయం మేడ మీద కూర్చుని నీ బొమ్మ గీయాలనుకుంటున్నాను. నాకు గీయడం రాదు. నువ్వు కదలకుండా కూర్చుంటే చాలు.

నువ్వు గమనించే ఉంటావు, ఈ ఉత్తరం పెన్సిలుతో రాస్తున్నాను. ఆమె డబ్బాలోదే. మొన అరిగిపోయింది, అక్షరాలు లావయ్యాయి. ఆగు.

చెక్కాను.

బావ